లాఠీ భీ న టూటే

ఉర్దూలో ఒక సామెత ఉంది. ‘సాంప్ భీ మర్ జాయె, లాఠీ భీ న టూటే’. పాము చావాలి, లాఠీ మాత్రం విరగొద్దు అని. స్కూల్లో మా ఉస్తాద్ ఇది వందసార్లు చెప్పి ఉంటారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అక్కడ వినబడ్డ సామెత వేరు: ‘పాము చావకుండా, కర్ర విరగకుండా’. నేను హైరాన్ అయిపోయాను. ఉర్దూలో చచ్చిన పాము తెలుగులోకి వచ్చేసరికి బతికిపోయింది! కానీ రెండు జబాన్లూ ఒక్క విషయంలో ఏకమయ్యాయి. పాము సంగతి ఎట్లైనా కానీ, కర్ర మాత్రం సలామత్‌గా ఉండాలి.

లాఠీ అనే మాట తెలుగు పేపర్లో పోలీసుదే. లాఠీ ఛార్జి, లాఠీ దెబ్బ, లాఠీ విరిగింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉస్మానియా వార్తలు రాసీ రాసీ ఆ మాట నా చేతికి అలవాటైపోయింది. మా ఇండ్లల్లో మాత్రం లాఠీ అంటే ముసలితనం. కొడుకును ‘బుఢాపే కీ లాఠీ’ అంటారు. అంటే ముసలితనానికి సహారా. నేను మా అమ్మీకి ఒక్కగానొక్క కొడుకును కాబట్టి ఆ లాఠీని నేనే. కానీ పేపర్ నౌకరీ కదా, రాత్రి డెస్కు. పొద్దంతా నిద్రపోయే లాఠీ ఎవరికి ఆసరా అవుతుంది? అందుకే అమ్మీకి నిజం లాఠీ ఒకటి కావాల్సి వచ్చింది.

అమ్మీకి కుడి మోకాలు అరిగిపోయింది. మడతపెట్టి బ్యాగులో వేసుకునే అల్యూమినియం కర్ర ఒకటి కొన్నాం. నాలుగు ముక్కలు, లోపల సాగే తాడు, జాడించగానే టకటకా కూడుకుంటుంది. చూడటానికి బలే షోకు. ఒక షాదీలో ఫంక్షన్ హాల్ మెట్లు దిగుతుంటే రెండో అతుకు దగ్గర అది వంగిపోయింది. విరగలేదు, వంగింది. అమ్మీ రెండు మెట్ల మీద కూలబడింది. అల్లా దయ, ఎముకకు ఏమీ కాలేదు. కానీ హిమ్మత్ విరిగింది. ఆ రోజు నుంచి గలీలోకి రాలేదు. షహీన్‌నగర్‌లో ఉన్న ఖాలా ఇంటికి ప్రతి జుమా పోయే మనిషి, ఫోన్లో ‘మోకాలు తక్లీఫ్ ఇస్తోంది’ అని చెప్పి ఊరుకుంది. మోకాలు కాదు, భరోసా పోయింది. అది నాకు తెలుసు, ఖాలాకూ తెలుసు. నలభై ఏండ్లుగా అక్కాచెల్లెళ్లు వారానికోసారి కలిసి, ఏడ్చి, నవ్వి, కొట్లాడుకొని వచ్చేవాళ్లు. అది ఆగిపోయింది.

ఇగ నేను కర్రల వెంట పడ్డాను. పాత్రికేయుడి జబ్బు ఏందంటే, పది రూపాయల వస్తువు కొనాలన్నా పది మందిని ఇంటర్వ్యూ చేస్తాడు.

ఆ టైములోనే మా భాంజా డెన్వర్ నుంచి వచ్చాడు. వాళ్లింటి చుట్టుపక్కల కొండలన్నీ మంచే. వాడు చలికాలంలో స్కీయింగ్‌కు పోతాడు. నానీ కోసమని తన పాత స్కీ పోల్స్ జత సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. ‘మామూ, ఇవి కొండల మీద నడిచేవి, బడంగ్‌పేట్ గలీలో నడవవా?’ అన్నాడు. మాట సబబుగానే ఉంది. కానీ చేతిలోకి తీసుకొని చూస్తే అసలు కథ తెలిసింది.

మంచు మీద జారేవాళ్లకు ఒకప్పుడు ఒకటే కర్ర ఉండేదట, పడవకు తెడ్డులాగా. తర్వాత రెండయ్యాయి. చాలాకాలం వెదురువే వాడారు, ఆ తర్వాత ఉక్కు గొట్టాలు వచ్చాయి. ఉక్కు మజ్బూత్, కానీ బరువు. 1958లో అమెరికాలో ఇడాహో రాష్ట్రానికి చెందిన ఎడ్ స్కాట్ అనే ఆయన అల్యూమినియంతో పైన లావుగా, కిందికి పోనుపోను సన్నగా ఉండే కర్ర చేశాడు. తేలికగా ఉండేసరికి దునియా అంతా దాని వెంట పడింది. ఇప్పుడు కార్బన్ ఫైబర్‌వి కూడా వచ్చాయి. అల్యూమినియం, కార్బన్ రెండింటి స్వభావాలు వేరు. అల్యూమినియం ముందు వంగుతుంది, అంటే వార్నింగ్ ఇస్తుంది. కార్బన్ ఇంకా తేలిక, ఇంకా బిగువు, కానీ ఒక రాయి తగిలి గీత పడిందంటే, ఒకరోజు ఏ ఖబర్ లేకుండా ఫట్‌మని విరుగుతుంది. మనుషుల్లో కూడా రెండు రకాలూ ఉన్నారు గానీ ఆ ముచ్చట ఇక్కడ వద్దు.

అల్యూమినియంలో కూడా అన్నీ ఒకటి కావు. మంచి పోల్స్ మీద 7075 అనే నంబర్ ఉంటుంది. అది జింకు కలిపిన లోహం. మామూలు 6061 రకం కంటే దాదాపు రెట్టింపు బరువుకు గానీ శాశ్వతంగా వంగదు. బజార్లో దొరికే చౌక కర్రల మీద ఏ నంబరూ ఉండదు. ఇంకో సంగతి: ఒకసారి వంగిన అల్యూమినియం గొట్టాన్ని మళ్లీ సాపు చేసి వాడతాం అంటారు కొందరు. సాపు అవుతుంది, కానీ వంగిన చోట దాని దమ్ము పోయి ఉంటుంది. మళ్లీ అక్కడే మోసం చేస్తుంది.

భాంజా తెచ్చిన పోల్స్ మీద 7075 ఉంది. అయినా అమ్మీకి పనికిరాలేదు. అవి బరువు మోయడానికి చేసినవి కావు మరి. స్కీ చేసేవాడు కర్ర మీద ఒరగడు. మలుపు దగ్గర ఒక పోటు పొడిచి ముందుకు పోతాడు. మోచేయి తొంభై డిగ్రీలు వంగేంత ఎత్తుండాలి, పిడిని పక్కనుంచి పిడికిట్లో పట్టుకోవాలి. మన ముసలోళ్ల కర్ర లెక్క వేరే. చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు మడత ఎక్కడుంటుందో పిడి అక్కడ ఉండాలి. అరచెయ్యి పైనుంచి ఆనాలి. చెప్పులతో కొలిస్తే అమ్మీకి ముప్పై ఇంచులు వచ్చింది. భాంజా పోల్ ఆమె ఛాతీ దాకా ఉంది. పైగా కొసన ఉక్కు మొన. మంచులో దిగుతుంది గానీ, మా ఇంటి టైల్స్ మీద పెడితే సర్రున జారింది.

‘కైకూ లాయా రే ఇత్తా లంబా? మై క్యా పహాడ్ చడ్నేకు జారై?’ అన్నది అమ్మీ. ఇంత పొడుగుది ఎందుకు తెచ్చావురా, నేనేమన్నా కొండ ఎక్కుతున్నానా అని. వాడి మొహం చిన్నబోయింది. ఆ తర్వాత ఆమే దాన్ని పెరట్లోకి తీసుకుపోయి మునక్కాయలు కొట్టింది. పక్కింటి మేకకు నాలుగు కొమ్మలు దులిపింది. కోహెతూర్ దగ్గర ‘నీ చేతిలో ఏముంది’ అన్న సవాల్‌కు మూసా అలైహిస్సలామ్ చెప్పుకున్న జవాబు యాదికొచ్చి నవ్వుకున్నాను. దీని మీద ఒరుగుతాను, మేకలకు ఆకులు రాలుస్తాను, ఇంకా ఎన్నో పనులున్నాయి దీంతో అన్నారు ఆయన. ఇప్పుడు ఆ రెండు పోల్స్‌లో ఒకటి బూజు దులపడానికి, ఇంకొకటి మునగచెట్టుకు.

కోఠీలో సర్జికల్ షాపులు తిరిగాను. నాలుగు కాళ్ల కర్ర చూపించారు. ఆసుపత్రి వరండాలో, నున్నటి గచ్చు మీద అది అమీర్. మా గలీలో డ్రైనేజీ కోసం తవ్వి, పూడ్చి, మళ్లీ తవ్విన రోడ్డు మీద మూడు కాళ్లు ఆని నాలుగోది గాల్లో ఉంటుంది. బడంగ్‌పేట్ పంచాయతీ నుంచి కార్పొరేషన్ దాకా ఎదిగింది గానీ, ముసలోళ్ల కాళ్ల కింద నేల ఇంకా ఎదగలేదు. తర్వాత బటన్ నొక్కి ఎత్తు మార్చేవి చూశాను. గొట్టానికి వరసగా రంధ్రాలు. ఎక్కడ రంధ్రం ఉందో అక్కడే గొట్టం బలహీనం. లోపలి స్ప్రింగు వజూ నీళ్లకు తుప్పు పడితే బటన్ సగమే పైకి వస్తుంది, మనం పూర్తిగా పడిందనుకుంటాం. తప్పదంటే అటువంటి కర్రను ఎత్తు ఒకసారి సెట్ చేసి మళ్లీ ముట్టుకోకుండా వాడాలి, వారానికోసారి బటన్ చూసుకోవాలి.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మా బడంగ్‌పేట్‌కు ఎంతో దూరం లేదు, రీసెర్చ్ సెంటర్ ఇమారత్. పేరులోనే మన ఉర్దూ మాట ఉన్న ఆ మిసైళ్ల లాబ్ 1988లో అబ్దుల్ కలామ్ సాబ్ హయాంలో మొదలైంది. అగ్ని మిసైల్ కోసం కార్బన్‌తో చేసిన తేలిక పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకాయన చేత్తో ఎత్తి చూసి, కలామ్ సాబ్‌ను తన వార్డుకు తీసుకుపోయాడట. పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు పరుగెత్తారు, తల్లిదండ్రులు ఏడ్చారు. తన ఖుషీల్లో అదొకటి అని ఆయన చాలాచోట్ల చెప్పుకున్నారు. నేను అన్ని దుకాణాలు తిరిగి వచ్చిన రాత్రి నాకు ఆ లాబ్ గోడే కళ్లముందు మెదిలింది. ఆకాశం లోంచి మంటల్లో దూసుకొచ్చినా విరగని వస్తువు తయారు చేసిన ఇలాఖాలో, మెట్లు దిగితే వంగని కర్ర దొరకడం ఇంత కష్టమా!

అమ్మీ మనసులో మాత్రం వేరే కర్ర ఉంది. అబ్బాది. తలుపు వెనక పదకొండేండ్లుగా నిలబెట్టి ఉంది. నల్లటి కట్టె, వంకీ పిడి, అబ్బా చెయ్యి రాసి రాసి పిడి అద్దంలా అయింది. ‘వో ఇచ్ దే మేరెకు’ అన్నది, అదే ఇయ్యి నాకు అని. నేను తీసి నేల మీద గట్టిగా కొట్టాను. కర్రను కొట్టి వినాలి, కుండను కొట్టి విన్నట్టు. గట్టి కట్టె ఖణ్‌మంటుంది. ఇది డొల్లగా పలికింది. కింద సన్నటి పిండి రాలింది. పురుగు లోపల్నుంచి తినేసింది. పైకి మాత్రం అదే మెరుపు.

సులైమాన్ అలైహిస్సలామ్ కిస్సా అమ్మీయే నాకు చిన్నప్పుడు చెప్పింది. అసా మీద ఆనుకొనే ఆయన రూహ్ పోయింది. జిన్నులు ఆయన బతికే ఉన్నారనుకొని పనిచేస్తూనే ఉన్నాయి. చెద తినీ తినీ అసా విరిగి ఆయన ఒరిగితే గానీ సంగతి తెలియలేదు. ఇప్పుడు ఆ కిస్సా ఆమెకు నేను చెప్పాల్సి వచ్చింది. చెప్పలేదు. రాలిన పిండిని అరచేతిలో పెట్టి చూపించాను. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కర్ర తీసుకొని కొంగుతో తుడిచి మళ్లీ తలుపు వెనకే పెట్టింది.

దాని పిడి ఒక్కటి కోసి కొత్త కర్రకు అతికించొచ్చా అని వడ్ల ఆయనను అడిగాను. ‘చేస్త సార్, పైసలొస్తయ్ నాకు. కానీ బరువంత పడేది ఆ అతుకు మీదనే. నీ తల్లి నాకూ తల్లే, నేను చెయ్య’ అన్నాడు. ఎన్ని షాపులు తిరిగినా ఇంత సీదా సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు.

చివరికి పాతబస్తీలో బొంగుల దుకాణంలో దొరికింది. లోపల బోలు దాదాపు లేని గట్టి వెదురు, ఆదిలాబాద్ అడవుల్లో పెరిగే జాతి. పోలీసు లాఠీలు చేసింది కూడా ఇటువంటి దాంతోనే. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది ఏరుకున్నాను. లావు కొంచెం ఎక్కువే తీసుకున్నాను. కర్ర లావు రెండింతలైతే వంగకుండా ఆపే బిగువు పదహారింతలు అవుతుంది, కాబట్టి లావులో కొద్ది తేడా కూడా చాలా పనిచేస్తుంది. దుకాణంలోనే రెండు చేతులూ పెట్టి నా డెబ్బై ఎనిమిది కిలోలూ దాని మీద మోపాను. విల్లులా కాస్త వంగి, వదలగానే నిటారుగా లేచింది. వంగి లేచేదే కావాలి నాకు. వేరు దగ్గరి ముద్ద అట్లాగే ఉంచితే అదే పిడి, అతుకే లేదు. అడుగున ఇనుప పొన్ను తొడిగించాను. పొన్నుకర్ర అనే మాట డిగ్రీలో చదివినప్పటి నుంచి ఇష్టం, ఇన్నేండ్లకు ఒకటి చేయించుకున్నాను. పొన్ను మీద రబ్బరు బుష్.

కుడి మోకాలు నొప్పి కాబట్టి కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలని డాక్టర్ చెప్పాడు. అమ్మీ రెండు రోజులు జిద్ చేసింది, ఎడమ చేత్తో ఏంది, బద్‌తమీజీ అని. నొప్పి కాలుతో పాటే కర్ర ముందుకు పడితే బరువు రెండు వైపులా పంచుకుంటుందని నడిచి చూపిస్తే ఒప్పుకుంది. మొదటి రోజు గడప దాకా, మూడో రోజు గలీ మూల దాకా. పోయిన జుమా రోజు ఆటో ఎక్కి షహీన్‌నగర్ పోయింది. నేను వెంట వస్తానంటే నక్కో అన్నది. మగ్రిబ్ తర్వాత వచ్చి, ఖాలాతో ఏదో పాత బాకీ గురించి గొడవైందని చెప్పింది. చాలా ఖుషీగా ఉంది.

రబ్బరు బుష్ అప్పుడే ఒక పక్కకు అరిగింది. అది నున్నగా అయితే తడి గచ్చు మీద కర్ర ఎంత మజ్బూత్ అయినా జారుతుంది. కోఠీలో చాలా సైజులు ఉంటాయి, కర్ర కొస వెంట తీసుకుపోయి చూసుకోవాలి, వదులుగా ఉంటే రోడ్డు మీదే ఊడిపోతుంది. ఈ వారం పోయి మూడు తెచ్చి పెట్టాలి.