ఆకుపచ్చ పుస్తకం

థాయిలాండులోని చియాంగ్ మాయిలో ఉద్యోగానికి కుదిరిన ఏడాదికి, అంటే 2024లో, నాకు మోటారు సైకిలు మీద మనసు పోయింది. ఊరు దాటితే చాలు, కొండలూ, అడవులూ, మట్టిదారులూను! అక్కణ్ణుంచి మే హాంగ్ సాన్ మీదుగా చుట్టి వస్తే 1,864 మలుపులట.

తారురోడ్డుకీ మట్టిబాటకీ కూడా పనికొస్తుందని హోండా సి.ఆర్.ఎఫ్. 300 ఎల్ ఎంచుకున్నాను. కంపెనీ జపానుదే గాని బండి తయారయ్యేది థాయిలాండులోనే. ఇంజను 286 సి.సి. సీటు ఎత్తు మాత్రం 88 సెంటీమీటర్లు! ఎక్కి కూర్చుంటే నాకు మునివేళ్ళే నేలకానాయి.

"ఏమండీ, దీనితో నిచ్చెన కూడా ఇస్తారా?" అన్నది మా ఆవిడ.

తీరా రిజిస్ట్రేషను దగ్గర చిక్కు వచ్చింది. "ఈ ఊరివాళ్ళెవరి పేరనైనా రాయించెయ్యండి, సులువు" అని సలహా ఇచ్చాడొక పరిచయస్థుడు. సొమ్ము నాదీ, బండి మరొకరిదీనా? ససేమిరా అన్నాను. ఇమ్మిగ్రేషను ఆఫీసు చుట్టూ తిరిగి నివాస ధ్రువపత్రం తెచ్చి, పాస్‌పోర్టు నకళ్ళతో జతచేసి ఇచ్చాను.

కొన్ని వారాలకు ఆకుపచ్చ పుస్తకం చేతికొచ్చింది. అక్కడ మోటారు సైకిలుకు హక్కు పత్రం అదే. సంవత్సరం చూస్తే 2567! గుండె గుభేలుమంది. తీరా అది బుద్ధ శకమట. మన లెక్కకు 543 కలపాలట.

"ఇందులో మీ పేరెక్కడండీ?" అన్నది మా ఆవిడ. థాయి అక్షరాలు నాకూ రావు. దుకాణంలోని అమ్మాయి నవ్వి, వేలు పెట్టి చూపించింది. చదవలేకపోయినా, ఆ పరాయి దేశంలో నా పేరున్న మొదటి ఆస్తి అదే కదా అని, ఆ అక్షరాల్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.