బ్రేకులు ముందు, ఇంజిన్ తర్వాత

మా ఇంట్లో మూడు కార్లున్నాయి. రెండు తిరుగుతాయి. మూడోది రెండేళ్ళపాటు గరాజ్‌లో నాలుగు ఇనుప స్టాండ్ల మీద నిలబడే ఉంది. "ఆ పాత డబ్బా ఎందుకే, అమ్మేయొచ్చుగా?" అని ఇంటికొచ్చిన ప్రతి స్నేహితురాలూ అడిగింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి రాసేస్తే నయమనిపించింది. ఇది కారు కథే, కానీ సగం మా మామయ్యగారి కథ.

ఆ కారు పేరు డాట్సన్ 510, 1971 మోడల్. ఇప్పటి నిస్సాన్ కంపెనీయే అప్పట్లో అమెరికాలో డాట్సన్ పేరుతో కార్లు అమ్మేది. చూడ్డానికి మన ప్రీమియర్ పద్మినికి దూరపు చుట్టంలా ఉంటుంది, పెట్టె మీద పెట్టె పెట్టినట్టు. ధర తక్కువ, తయారీ గట్టిది. వెనక చక్రాలు రెండూ దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ ఉంది. ఆ రోజుల్లో చవక కార్లలో అది పెద్ద విషయమట. అందుకే దీన్ని 'పేదవాడి బీఎమ్‌డబ్ల్యూ' అనేవారు. పీటర్ బ్రాక్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఈ కార్లతో ఒక చిన్న రేసింగ్ టీమ్ నడిపాడు. జాన్ మోర్టన్ అనే డ్రైవరు ఆ టీమ్ తరఫున 1971లోనూ 1972లోనూ చిన్న ఇంజిన్ల ట్రాన్స్‌ఆమ్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. యూరప్ కార్లని ఓడించి మరీ. మావారు ఈ చరిత్రంతా పెళ్ళిచూపుల్లో వంశవృక్షం చెప్పినట్టు చెప్పి నన్ను ఒప్పించారు.

కొన్న కారుని అలాగే ఉంచుతారనుకున్నాను. ఉంచలేదు. దాని ఇంజిన్ దించేసి, ఇంకోటి ఎక్కించాలన్నారు. పాతది 1.6 లీటర్ల ఇంజిన్, కార్బురేటర్ ఉన్నది, 96 గుర్రాల బలం. ఎక్కించబోయేది అదే నిస్సాన్ వారి ఎస్‌ఆర్20డీఈటీ. రెండు లీటర్లు, పదహారు వాల్వులు, టర్బో. జపాన్‌లో సిల్వియా అనే కారులో వచ్చేది. దీన్ని నిస్సాన్ అమెరికాలో అమ్మిన కార్లలో పెట్టలేదు కాబట్టి, అక్కడ వాడేసిన ఇంజిన్లు ఓడల్లో ఇక్కడికి వస్తాయి. దాని బలం రెండొందల చిల్లర. ఇది 1990ల నాటిదే అయినా 1971 కారు పక్కన పెడితే కుర్రది.

టర్బో అంటే ఏమిటని అడిగితే మావారు కాగితం మీద బొమ్మలు గీశారు. నాకు మాత్రం మా అమ్మమ్మగారి ఊళ్ళో పొయ్యి గుర్తొచ్చింది. పెద్ద పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, వెనక్కి పోయే సెగతో రెండో పొయ్యి మీద నీళ్ళు కాగేవి. ఊరికే పోయే వేడిని పోనివ్వకపోవడం. ఇక్కడా అంతే. ఇంజిన్ వదిలేసే పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానికే బిగించిన ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఒత్తిడికి వేడెక్కిన ఆ గాలిని చల్లార్చడానికి ముందువైపు ఇంటర్‌కూలర్ అని ఇంకో జల్లెడ లాంటిది పెడతారు.

ఇంత బలం దేనికంటే ఆటోక్రాస్‌కి. నేను భయపడిన రేసు కాదిది. పెద్ద పార్కింగ్ స్థలంలోనో, వాడకం లేని రన్‌వే మీదో నారింజ రంగు కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒక్కో కారునే సమయం చూసి వదులుతారు. సాధారణంగా ఒక నిమిషంలో అయిపోతుంది. కోన్ తగిలితే సమయానికి రెండు సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. నడిపేవాళ్ళంతా ఉద్యోగాలు, సంసారాలు ఉన్నవాళ్ళే. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అని 1944లో పుట్టిన సంఘం దేశమంతా వీటిని జరుపుతుంది. ఇంజిన్ మార్చిన కార్లకి విడిగా తరగతులున్నాయి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకి పొగ పరీక్ష కూడా అక్కర్లేదు. అందుకే ఈ పిచ్చి ఉన్నవాళ్ళు పాత కార్లకే ఎగబడతారు.

మా ఇంటి లెక్కలన్నీ నేనే చూస్తాను. ఒక నోటు పుస్తకం తీసి ఈ కారుకి పేజీలు కేటాయించాను. ఇంజిన్ కొనడం అసలు ఖర్చు కాదని మొదటి నెలలోనే తెలిసింది. కొత్త ఇంజిన్‌కి కార్బురేటర్ లేదు, ఇంజెక్టర్లు. వాటికి పాత పెట్రోలు పంపు ఇచ్చే ఒత్తిడికి పదింతలు కావాలి. కాబట్టి పంపు, గొట్టాలు అన్నీ కొత్తవి. రేడియేటర్ పెద్దది. గేర్‌బాక్స్ వేరు కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత ఇచ్చి చేయించాలి. ఇంజిన్ కూర్చునే మౌంటింగులు మార్చాలి. వెనక డిఫరెన్షియల్ 96 గుర్రాలకి చేసింది, దాని స్థానంలో గట్టిది వేయాలి. ఇక వైరింగ్. గరాజ్ గోడకి వేలాడదీసిన ఆ తీగల చిక్కు చూస్తే కొప్పు విప్పుకున్న రాక్షసి గుర్తొచ్చేది. చివరికి లెక్క చూస్తే మొత్తం ఖర్చులో ఇంజిన్ వాటా మూడో వంతు కూడా లేదు.

నేను పెట్టిన షరతు ఒక్కటే. "ముందు బ్రేకులు, సీట్లు, బెల్టులు. అవి బిగించిన రోజే ఇంజిన్‌కి డబ్బులు." మావారు కాస్త గునిశారు కానీ ఒప్పుకున్నారు. అదే కంపెనీ తర్వాతి కారు 280జెడ్ఎక్స్ నుంచి ముందు స్ట్రట్లు, పెద్ద డిస్కులు తెచ్చి బిగించారు. ఈ కార్లవాళ్ళు ఏళ్ళుగా చేస్తున్న మార్పేనట అది.

ఇంజిన్ దిగుమతయ్యి, ఒక చెక్క పలక మీద గరాజ్‌లో కూర్చున్న వారానికే మామయ్యగారు విజయవాడ నుంచి వచ్చారు. అత్తయ్యగారు పోయాక మొదటిసారి, ఆరు నెలలు ఉండేట్టు.

మామయ్యగారు ఆటోనగర్ మేస్త్రీ. 1960లలో వెలసిన ఆ ఆటోనగర్‌లో ముప్పై ఐదేళ్ళు షెడ్డు నడిపారు. లారీ ఇంజిన్లు దించి బోరు చేయించడం, పిస్టన్లు, రింగులు మార్చడం ఆయన పని. పెట్రోలు ధర భరించలేక అంబాసిడర్ టాక్సీలకి మెటాడోర్ డీజిల్ ఇంజిన్ ఎక్కించుకునే రోజుల్లో అలాంటివి ఎన్ని మార్చారో ఆయనకే లెక్క లేదు. అంటే మావారు ఇక్కడ ఇంత హడావుడి చేస్తున్న పని, మామయ్యగారికి నెలకి రెండుసార్లు చేసే పని.

సంతోషిస్తారనుకుంటాం కదా? గరాజ్ తలుపు దగ్గర నిలబడి చూశారు. కొడుకు చేతుల వంక చూశారు, గోళ్ళ నిండా నలుపు. ఒక్క మాట అనకుండా లోపలికొచ్చి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాతో అన్నారు, ఆయనతో కాదు. "ముప్పై ఐదేళ్ళు కిరోసిన్‌తో చేతులు కడుక్కున్నానమ్మా, వీడి చేతికి ఆ వాసన అంటకూడదని. డబ్బులిచ్చి మరీ అంటించుకుంటున్నాడు."

మావారి వైపు కథ నాకు ఎప్పటినుంచో తెలుసు. పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో ఒకరోజు షెడ్డుకి పారిపోయారట. కుర్రాళ్ళతో కలిసి నట్లు విప్పుతుంటే మామయ్యగారు చూసి, అందరి ముందూ చెంప మీద ఒక్కటిచ్చి రిక్షా ఎక్కించి ఇంటికి పంపేశారట. మళ్ళీ షెడ్డులో అడుగు పెట్టనివ్వలేదు. ఇంజనీరింగ్ చదివించారు, అమెరికా పంపించారు. తప్పు పట్టడానికేముంది? ఆ షెడ్డులో చేతివేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని ఆయన కళ్ళారా చూశారు. కానీ మావారికి మాత్రం నాన్న పని చేసే చోటు ఒక మూసిన తలుపుగా మిగిలిపోయింది. ఫోన్ చేస్తే ఆరోగ్యం, వానలు, మందులు. నాలుగు నిమిషాలు. ఇద్దరికీ ఇంకో మాట లేదు.

మూడు వారాలు ఇల్లు అలాగే నడిచింది. "వాడితో చెప్పమ్మా", "నాన్నతో చెప్పు". నాలుగోవారం నేను చెప్పేశాను, "పక్క గదిలోనే ఉన్నారు కదా, మీరే చెప్పుకోండి" అని. అప్పటినుంచి ఎవరి కబురూ మోయలేదు.

గరాజ్‌లో మాత్రం మావారికి ఒక చిక్కు వచ్చింది. ఇంజిన్, గేర్‌బాక్స్ కూర్చోబెట్టి వెనక డిఫరెన్షియల్‌కి షాఫ్ట్ కలపాలి. గేర్‌బాక్స్ ఏ వాలులో ఉందో డిఫరెన్షియల్ కూడా అదే వాలులో ఉండాలి. తేడా వస్తే షాఫ్ట్ వేగం మీద వణికి, దాని జాయింట్లు త్వరగా పోతాయి. మావారు ఫోన్‌లో కొలతల యాప్ పెట్టి నాలుగు రాత్రులు కుస్తీ పట్టారు. ఐదో రోజు ఆదివారం. నేను టీ తీసుకెళ్ళేసరికి మామయ్యగారు లుంగీ పైకి కట్టి కారు కింద పడుకుని ఉన్నారు. పక్కన మా అమ్మాయి టార్చి పట్టుకుని కూర్చుంది. దానికి పదహారేళ్ళు. ఆయన చేతిలో నా కుట్టుపెట్టెలోంచి తీసిన దారం ఉంది, దాని చివర ఒక నట్టు వేలాడుతోంది.

"ఇంజిన్ ముక్కు ఎత్తుగా ఉందిరా. మౌంటింగు కింద వాషరు తీసెయ్" అన్నారు. తీశాక ఫోన్‌తో చూస్తే రెండు వాలులూ కలిశాయి.

కాసేపటికి మావారు అన్నారు, "అప్పుడే నేర్పి ఉంటే బాగుండేది నాన్నా."

"నేర్పితే అక్కడే ఉండిపోయేవాడివి."

"ఉండకపోయేవాణ్ణి. కానీ నీతో మాట్లాడ్డానికి ఏదో ఒకటి ఉండేది."

మామయ్యగారు జవాబు చెప్పలేదు. కారు కిందనుంచి చెయ్యి చాపి, "పదమూడో నంబరు పానా ఇయ్యి" అన్నారు. నేను టీ అక్కడే పెట్టి వచ్చేశాను.

తర్వాతి మూడు నెలలూ తండ్రీకొడుకులు గరాజ్‌లోనే ఉన్నారంటే అతిశయోక్తి కాదు. సర్దుకుపోయారని చెప్పను. రోజూ దెబ్బలాటే. కంప్యూటర్ పెట్టి ఇంజిన్ సరిచేయడం మామయ్యగారికి అర్థం కాదు, నచ్చదు. చెవితో విని చెప్పేది మావారు నమ్మరు. కానీ టర్బోకి వెళ్ళే నూనె గొట్టం ఎక్కడ ఒరుసుకుంటోందో మొదట పట్టుకున్నది మామయ్యగారే. ఆ చక్రం మహా వేగంతో తిరుగుతుంది, నూనె ఒక్క క్షణం అందకపోయినా దాని బేరింగులు మాడిపోతాయి.

ఆయన తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు కారు మొదటి ఆటోక్రాస్‌కి వెళ్ళింది. పొద్దున్నే తనిఖీ. బ్యాటరీ కట్టి ఉందా, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా, యాక్సిలరేటర్ వదిలితే వెనక్కి వస్తోందా, ఎక్కడైనా కారుతోందా, హెల్మెట్ సరైనదేనా. అన్నీ చూశాకే పంపించారు. తమ వంతు కానప్పుడు నడిపేవాళ్ళే ఎండలో నిలబడి పడిన కోన్లు సర్దాలి. అది నాకు భలే నచ్చింది.

మొదటి పరుగులో మావారు రెండు కోన్లు పడగొట్టారు. మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే బలం వెంటనే రాదు. టర్బో అందుకునే దాకా ఒక్క క్షణం ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా తోసుకొస్తుంది. ఆ క్షణాన్ని ముందే లెక్క వేసుకోవడం నేర్చుకునేసరికి నాలుగు పరుగులూ అయిపోయాయి. తరగతిలో చివరి నుంచి రెండో స్థానం. మామయ్యగారు మంకీ క్యాప్ పెట్టుకుని కంచె పక్కన కుర్చీలో కూర్చున్నారు. పరుగు అయ్యి కారు వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్ళి ముందు చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూశారు. చివరిసారి నా దగ్గరికొచ్చి, "బ్రేకులు ముందు వేయించావంట కదా. మా షెడ్డులో ఎవరూ అలా అడిగేవాళ్ళు కాదమ్మా, స్పీడే అడిగేవాళ్ళు" అన్నారు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిచ్చి ఎవరికైనా ఉంటే, వద్దనడం కంటే మూడు ప్రశ్నలు అడగమని నా సలహా. ఆపేది దేనితో, చల్లార్చేది దేనితో, మొత్తం ఖర్చు ఎంత? ఇంజిన్ ధర కాదు, మొత్తం. వాటికి కాగితం మీద జవాబు ఉంటే ఆ పని సగం సవ్యంగా సాగుతుంది. మిగతా సగం, ఆ పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడం. మా ఇంట్లో అది ఆటోనగర్ నుంచి, ఒక చెంపదెబ్బ నుంచి వచ్చింది.

మామయ్యగారు విజయవాడ వెళ్ళి ఐదు నెలలైంది. ఆదివారం ఫోన్ ఇప్పుడు నలభై నిమిషాలు. నీళ్ళ వేడి ఎంత చూపిస్తోంది, కొత్త గాస్కెట్ ఆగిందా, వెనక చక్రం మోత తగ్గిందా. మందుల సంగతి నేను మధ్యలో దూరి అడగాల్సి వస్తోంది. పోయిన వారం ఫోన్ పెట్టేసే ముందు అన్నారు, "పిల్లకి పానా పట్టడం వచ్చిందా? టార్చి పట్టుకోవడం చాల్లే, కిందకి దిగమను. జడ మాత్రం గట్టిగా ముడి వేసుకోమను."