నేల తగిలినాకే

మా డ్రిల్లు మాస్టారి గుడ్డసంచీలో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి. ఇత్తడి ఈల, సైకిలు పంపు, పది గజాల కొబ్బరి తాడు. ఈల ఎందుకో, పంపు ఎందుకో మాకు తెలుసు. తాడు సంగతి మాత్రం చాన్నాళ్ళు తెలీలేదు. కొత్త మైదానానికి వెళ్ళినప్పుడల్లా ఆయన దాన్ని నేలమీద బారుగా పరిచి, పక్కనే ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేవారు. పెదాలు కదిలేవి. పన్నెండడుగులు. ఇసుకనేలైతే పదమూడు. మళ్ళీ వెనక్కి నడిచి, సరిపోయిందనుకున్నాక తాడు చుట్టి సంచీలో పెట్టేసేవారు.

ఫుట్‌బాల్‌లో ఫ్రీకిక్కు కొట్టేటప్పుడు ఎదుటి జట్టువాళ్ళు బంతికి పది గజాల దూరంలో ఉండాలి. 1913కి ముందు ఆరు గజాలే ఉండేదట. ఆ ఏడు పది చేశారు, ఇప్పటికీ అదే. పుస్తకాల్లో ఇప్పుడు 9.15 మీటర్లని రాస్తున్నారు. కానీ మా ఇళ్ళలో రవికెల గుడ్డ గజాల్లోనే అడిగేవారు, ఇంటిస్థలం గజాల్లోనే కొనేవారు. అందుకని మాస్టారు "పది గజాలురా" అంటే ఆ దూరం మాకు కళ్ళకి కట్టేది. ఆట మధ్యలో తాడు పరిచి కొలవడం కుదరదు. అందుకే ముందుగానే తన కాళ్ళకి ఆ కొలత నేర్పుకునేవారు ఆయన.

1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడింది. నేను చెబుతున్నది ఆ తర్వాతి నాలుగైదేళ్ళ మాట. విజయనగరం అయోధ్య మైదానంలో సాయంత్రం నాలుగున్నరకి పోగయ్యేవాళ్ళం. మా ఊరు క్రికెట్టుకి పేరుపడ్డ ఊరు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి నాయకుడు మా ఊరి మహారాజకుమారుడు విజ్జీయే. కాబట్టి మైదానం నడిమధ్య జాగా క్రికెట్టువాళ్ళదే. ఫుట్‌బాల్ గుంటలం ఓ వారకి ఒదిగేవాళ్ళం. మాస్టారు అది పట్టించుకునేవారు కాదు. ఆయన గొప్పగా చెప్పుకునే పేరు వేరే ఉండేది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. గుండెలమీద ఏనుగుని ఎక్కించుకున్న ఆ మల్లుడు కూడా మొదట్లో విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పినవాడే. "హైదరాబాదు రహీం సాబూ బడిపంతులేరా" అనేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన ఫుట్‌బాల్ జట్టుని నాలుగో స్థానం దాకా నడిపించిన రహీం గురించి మేం మొదట విన్నది ఆయన నోటే.

గీతలు సున్నంతో వేసేవాళ్ళం. డాల్డా డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, పొడిసున్నం నింపి, వంగి వెనక్కి నడుస్తూ తట్టుకుంటూ పోవాలి. బంతి తోలుది, లోపల బ్లాడరు, పైన తోలుతాడుతో కట్టు. ఆ కట్టున్న వైపు తలకి తగిలితే నుదుటిమీద గాటు పడేది. కుట్లు ఊడితే గంటస్తంభం దగ్గర చెప్పులు కుట్టే తాత కుట్టిపెట్టేవాడు. ఇవన్నీ పోయాయి. వీటికోసం నాకు అంత దిగులు లేదు. ఇప్పటి పిల్లల బంతి వానకి బరువెక్కదు, నుదురు చీరదు. మంచిదే.

నాకు గుర్తొచ్చేది వేరే. ఆట ఆగినచోటినుంచి మళ్ళీ మొదలయ్యేదాకా ఉండే ఆ కాస్త సమయం. మాస్టారు ఈల ఊదగానే లోపలి బిరడాగుండు గిరగిరా తిరిగి ఆ మోత చెరువుగట్టుదాకా వినబడేది. ఊదాక పరిగెత్తుకొచ్చి, ఫౌలు జరిగిన చోట బంతి పెట్టించి, దెబ్బ తిన్నవాణ్ణి అడిగేవారు. "ఇప్పుడేనా, ఈలకేనా?"

ఆ రెండు ముక్కల్లో ఫ్రీకిక్కు ధర్మమంతా ఉంది. అన్యాయం జరిగింది నీకు. ఎదుటివాళ్ళు సర్దుకునేలోపు కొట్టుకుంటానంటే కొట్టుకో, నేను అడ్డురాను. పది గజాలు కావాలంటే మాత్రం ఈలదాకా ఆగాలి. ఆగుతానన్నాక తొందరపడితే ఒప్పుకునేవారు కాదు, మళ్ళీ కొట్టించేవారు. ఈలకే అన్నామంటే పన్నెండడుగులు వేసి, గోడ కట్టినవాళ్ళ ఎదట నిలబడేవారు. తోసేవారు కాదు, అరిచేవారు కాదు. "ఎనక్కి జరగండర్రా, మీ కాళ్ళు నా కాళ్ళ పక్కకి రావాల" అని మెల్లిగా అనేవారు. అప్పటికి ప్రపంచంలో పసుపు, ఎర్ర కార్డులొచ్చి పదేళ్ళు దాటింది. 1970 మెక్సికో ప్రపంచకప్పులో మొదలయ్యాయవి. మాస్టారి జేబులో మాత్రం కార్డులుండేవి కావు. చిన్న నోటుబుక్కు, పెన్సిలుముక్క. అది బయటికి తీస్తున్నారంటే చాలు, గోడ దానంతటదే వెనక్కి నడిచేది.

2014లో బ్రెజిల్ ప్రపంచకప్పు టీవీలో చూస్తుంటే, రిఫరీ నడుముకున్న డబ్బా తీసి గడ్డిమీద తెల్లని నురగతో గీత గీశాడు. నిమిషం తిరక్కుండా ఆ గీత కరిగిపోయింది. మాస్టారు చూసుంటే ఎంత సంబరపడేవారో అనిపించింది. ఆయన గీతని చెప్పు అంచుతో దుమ్ములో గీసేవారు. అదీ అలాగే, ఒక ఆటకాడి కాలు తగిలి చెరిగిపోయేది.

ఒక ఫ్రీకిక్కు సంగతి చెప్పాలి. బంతిని నేరుగా గోల్లోకి కొట్టకూడని ఫ్రీకిక్కు ఒకటుంటుంది, మధ్యలో ఇంకొకరికి తగలాల్సిందే. అది ఇచ్చినప్పుడు రిఫరీ చెయ్యి పైకెత్తి, బంతి రెండోవాడికి తగిలేదాకా అలాగే నిలబడాలి. నెల్లిమర్లనుంచి వచ్చిన కుర్రాళ్ళతో ఆడుతున్న రోజున మాస్టారు చెయ్యెత్తడం మరిచిపోయారు. మావాడు సూటిగా కొట్టాడు, గోలైంది. మేం గంతులు. వాళ్ళు నిలబడిపోయారు. ఆయన అందర్నీ పిలిచి, వాళ్ళ ఎదటే, "చెయ్యెత్తనిది నేను. తప్పు నాది. మళ్ళీ కొట్టాల" అన్నారు. చెయ్యెత్తారు, కొట్టించారు, ఈసారి గోలు కాలేదు. ఇవాళ్టి నిబంధనల్లోనూ అంతే, రిఫరీ చెయ్యెత్తకుండా బంతి నేరుగా గోల్లోకెళితే మళ్ళీ కొట్టించాలి. కానీ ఆ వేళ మేం విన్నది నిబంధన కాదు. పెద్దాయన ఒకరు ఇరవైరెండుమంది గుంటల ముందు తప్పు నాదనడం. మా బడిలో గానీ ఇళ్ళలో గానీ అలాంటి మాట అంతకుముందు విన్నవాళ్ళం కాదు.

ఆట మొదలుపెట్టే పద్ధతీ మారింది. అప్పట్లో నడిమధ్య బంతి దగ్గర ఇద్దరు నిలబడి, ఒకడు ముందుకి తాకిస్తే రెండోవాడు అందుకునేవాడు. బంతి ముందుకే పోవాలి. 2016 నుంచి ఎటైనా కొట్టొచ్చు, ఒక్కడు చాలు. గోల్‌కిక్కు పెనాల్టీ పెట్టె దాటి బయటికొస్తేనే చెల్లేది. శ్రావణంలో తడిసిన తోలుబంతిని మా చిన్న బ్యాక్ మూడేసిసార్లు కొట్టినా అది గీత దగ్గర బురదలోనే కూర్చునేది. మూడుసార్లూ మాస్టారు ఓపిగ్గా వెనక్కి తెప్పించేవారు. 2019లో ఆ నియమమూ తీసేశారు.

అదే ఏడు డ్రాప్ బాల్‌నీ మార్చారు. ఇది మాత్రం నన్ను నొప్పించింది.

ఎవరి తప్పూ లేకుండా ఆట ఆగిపోతుంది. బంతి పగులుతుంది, కుక్క అడ్డొస్తుంది, ఒకరి కళ్ళలో సున్నం పడుతుంది. అప్పుడు రిఫరీ బంతి పట్టుకుని, ఇటొకడు అటొకడు ఎదురెదురుగా నిలబడితే, ఇద్దరి మధ్యా వదిలేవాడు. నేల తాకాకే కాలు కదపాలి. 2019లో వచ్చిన మార్పుతో, ఏదో ఒక జట్టులో ఒకడికే బంతి వదులుతారు, మిగతావాళ్ళు నాలుగు మీటర్ల అవతల ఉండాలి. కారణాలు న్యాయమైనవే. మోకాటి కింద ఎముకలకి దెబ్బలు తగిలేవి. పెద్ద ఆటల్లో ఎదుటి జట్టు మర్యాదకి బంతి తిరిగిచ్చేయడం ఎలాగూ ఆచారమైంది. ఒప్పుకుంటాను. అయినా మిగతావి, ఫ్రీకిక్కులూ త్రోలూ అన్నీ, ఒకరివైపు తీర్పులే. నీదీ కాదు నాదీ కాదు, ఇద్దరూ రండి అని పిలిచింది ఆ ఒక్క బంతే.

శ్రీకాకుళం వెళ్ళాం ఓసారి. ప్యాసింజరు బండిలో ఆముదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి బస్సు. నాగావళి ఒడ్డున ఆట. మాస్టారు తాడు పరిచి నడిచారు, పదమూడడుగులు. చెరో గోలు చేశాక, చీకటి పడబోతుండగా, ఏట్లోంచి గేదెల మంద ఒడ్డెక్కి మైదానానికి అడ్డంపడి ఇళ్ళకి నడిచింది. వెనక కర్రతో ముసలాయన. మాస్టారు ఈల ఊది, ఆఖరి గేదె గీత దాటేదాకా బంతి చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

తర్వాత డ్రాప్ బాల్. మా వైపునుంచి నేను. వాళ్ళ వైపునుంచి నాకంటే జానెడు పొడుగున్న నల్లటి కుర్రాడు. కాళ్ళకి బూట్లు లేవు, నాకూ లేవు. "నానొగ్గను" అన్నాడు నవ్వుతూ. "నానూ ఒగ్గను" అన్నాను. మాస్టారు వంగి మా ఇద్దరి మొహాలూ చూశారు. "నేల తగిల్నాకే" అన్నారు.

వదిలారు. తొందరలో నేనే ముందు తన్నాను. మళ్ళీ తీశారు. ఈసారి అతను తన్నాడు. మళ్ళీ తీశారు. మూడోసారి బంతి తప్పున ఇసుకలో పడింది. ఇద్దరం ఒక్కసారే కొట్టాం. తడిబంతి రెండు పాదాల మధ్యా ఇరుక్కుపోయి ఎటూ పోలేదు. నేను నెట్టాను, అతను నెట్టాడు. వెనకనుంచి రెండు జట్లూ అరుస్తున్నాయి. బంతి కట్టు నా మడమకి గుచ్చుకుంటోంది. అతని ఊపిరి నా చెవి పక్కన వినిపిస్తోంది.

అప్పటికి గోలుకర్రలు కనబడటం లేదు. మాస్టారు పొడుగ్గా ఈల ఊది, మా కాళ్ళ మధ్యనుంచి బంతి తీసుకున్నారు. ఒక చేత్తో దాని ఇసుక దులుపుతూ, తాడు కోసం సంచీలో వెతుక్కుంటూ, బస్సు వేళయిందర్రా అన్నారు.