విస్తరాకుల కట్ట

అరకు సంతలో అడ్డాకు విస్తళ్ల కట్టలు అమ్ముతారు. అడవిలో ఆకు కోసి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి, కట్టగట్టి తెస్తారు. పంక్తి కూర్చున్నాక కుట్టే పని ఉండదు. కట్ట విప్పి పరిస్తే చాలు. మా పరిశోధక బృందం వెబ్‌సైట్ ఎలా నడుస్తుందని ఎవరైనా అడిగితే నేను ఈ కట్టల గురించే చెబుతాను.

మేం ఈ కొండల్లో మాటలు సేకరిస్తాం. కూబి, కువి భాషల్లో సామలను, చోళ్లను, వలిసెలను ఏమంటారు, ఏ పెద్దలు ఎలా పలికారు అన్నది ఊరి పేరుతో సహా రాసి పెడతాం. మొదట్లో మా సైటు డేటాబేస్ మీద నడిచేది. ఎవరు అడిగినా సర్వరు అప్పటికప్పుడు పేజీ కూర్చి ఇచ్చేది. ప్రాజెక్టు డబ్బు అయిపోయింది. సైటు కట్టిన విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాడు. ప్లగిన్లు పట్టించుకునే దిక్కు లేక, ఒకనాడు మా పదాల పట్టిక చోట జూదం ప్రకటనలు ప్రత్యక్షమయ్యాయి. బ్యాకప్ తీసి చూస్తే ఏడాది పాతది. ఆ ఏడాది ఊళ్లు తిరిగి దిద్దుకున్న ఉచ్చారణలన్నీ పోయాయి. వాటిలో సగం చెప్పిన అవ్వ అప్పటికే కన్నుమూసింది. మళ్లీ ఎవరిని అడగను? ఆ దిగులు ఇప్పటికీ తీరలేదు.

ఆ రోజుల్లోనే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి కూబి భాషా గ్రంథం మళ్లీ తెరిచాను. 1969లో అచ్చయిన పుస్తకం. అక్షరం చెదరలేదు. అచ్చుపుటను చదవడానికి వెనకాల ఏ యంత్రమూ మేలుకుని ఉండనక్కర్లేదు. 1991లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన తొలి వెబ్ పేజీలూ ఇలా ముందే రాసి ఉంచిన ఫైళ్లే. అందుకే 2013లో సెర్న్ వాళ్లు దొరికిన పాత ప్రతిని అదే చిరునామాలో మళ్లీ నిలబెట్టగలిగారు.

మేం జెకిల్‌కు మారాం. 2008లో వచ్చిన సాధనం అది. మేం మార్క్‌డౌన్‌లో సాదా పాఠం రాస్తాం. సభ్యుల వివరాలు, ప్రచురణలు, పదాలు వేరే ఫైళ్లలో ఉంటాయి. జెకిల్ వాటిని మూసల్లో పోసి, పేజీలన్నీ ఒక్కసారే కుట్టి కట్టగట్టి ఇస్తుంది. సర్వరు చేసేదల్లా అడిగినవాళ్లకు అందించడమే. పగలగొట్టడానికి అక్కడ డేటాబేస్ లేదు. ఫైళ్ల ప్రతులు మా అందరి కంప్యూటర్లలోనూ, మార్పుల చరిత్రతో సహా, గిట్‌లో ఉన్నాయి.

దీనికీ ఓపిక కావాలి. ప్రతి పేజీ నెత్తిన మూడేసి గీతల మధ్య శీర్షిక, తేదీ రాయాలి. ఒక అమ్మాయి శీర్షికగా "కూబి పదాలు: చిరుధాన్యాలు" అని రాసింది. కోలన్ తర్వాత ఖాళీ కనిపిస్తే అక్కడ ఇంకో వివరం మొదలైందనుకుని జెకిల్ తికమకపడుతుంది; మా అమరికలో కూర్పు అక్కడితో ఆగిపోతుంది. సాయంత్రమంతా వెతికి, చివరికి శీర్షికను కొటేషన్ గుర్తుల్లో పెట్టాం. సరిపోయింది. అంతసేపూ అంతకుముందు కూర్చిన పేజీలు మాత్రం చెక్కుచెదరకుండా పాఠకులకు కనిపిస్తూనే ఉన్నాయి. కొత్త కట్ట కుదరకపోతే పాత కట్టే వడ్డనకు వస్తుంది.

తెలుగు లిపిలో ఒక్కో గుర్తుకు యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. అయినా పదాల పేజీ బరువు ఒక్క ఫొటో బరువులో ఎన్నో వంతో. అందుకే ఫొటోలు కుదించి పెడతాం, ఫోన్లో ఉన్న తెలుగు ఫాంటునే వాడుకుంటాం. మలుపు తిరిగితే సిగ్నల్ పోయే దారులివి. పేజీ ఇక్కడ తెరుచుకోకపోతే ఇంకెక్కడ తెరుచుకున్నా నాకు తృప్తి లేదు.

మొన్న చలికాలం, సుంకరమెట్ట దగ్గర టీ బడ్డీలో, ఒక కొండదొర కుర్రాడు తన ఫోన్లో మా పేజీ తెరిచాడు. ఒక కూబి మాట మీద వేలు ఆనించి, "ఇది తప్పు సార్. మా తాత ఇలా అనడు," అన్నాడు. పలికి చూపించాడు. నాలుక అదిరిన ఆ ధ్వని, మనం మరిచిపోయిన బండి ర. చెఱువును చెరువు చేసుకున్న మనకు ఆ తేడా పోయింది. కూబిలో ఆ రెండూ వేరువేరని కృష్ణమూర్తి గారు ఎప్పుడో నమోదు చేశారు. వినవలసిన చోట నేనే వినలేదు. అక్కడే కూర్చుని అక్షరం మార్చాను. టీ చల్లారేలోగా పేజీ కొత్తగా కుట్టుకుని వచ్చింది. మార్పుల చరిత్రలో ఆ సవరణ ఇప్పుడు అతని పేరు మీద ఉంది. 1969 పుస్తకానికి ఉన్న నిలకడ మా సైటుకూ కావాలి. పుస్తకం ఇవ్వలేని ఈ దిద్దుబాటు, మాట ఎవరిదో వాళ్ల చేతికే అందాలి.

వచ్చే నెల నుంచి సైటు కొత్త విద్యార్థిని చేతికి వెళుతుంది. పనులన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చాను: జెకిల్ వెర్షన్ మార్చేముందు ప్రతి తీసుకో, డొమైన్ గడువు మరవకు, శీర్షికలో కోలన్ ఉంటే కొటేషన్లు పెట్టు. చివరి పంక్తి మాత్రం సైటు గురించి కాదు. ఏడాదికోసారి కొండెక్కి, పేజీలు తాతలకు చదివి వినిపించు.