ఇసుకలో ఇల్లు

కాకినాడలో పుట్టి పెరిగిన నాకు సముద్రం కొత్త కాదు. కాని దాని అడుగు ఎలా ఉంటుందో చూడటానికి కాలిఫోర్నియాదాకా వెళ్ళాల్సి వచ్చింది. నిరుడు మా చెల్లెలు నన్ను మాంటెరేలో ఎక్వేరియం చూపిస్తానని తీసికెళ్ళింది. పూర్వం సార్డీన్ చేపల్ని డబ్బాలకెత్తిన ఫ్యాక్టరీ స్థలంలో 1984లో దాన్ని తెరిచారట.

నిజానికి ఆ రోజు మా ఇద్దరికీ మాటల్లేవు. ఇల్లు అమ్మించేసి అమ్మని తన దగ్గరికి తెచ్చుకుంటానని అదీ, అమ్మ కదలదని నేనూ రాత్రంతా వాదించుకుని, పొద్దున్నే ముభావంగా కారెక్కాం.

ఓ అద్దాల తొట్టిలో ఇసుకలోంచి పువ్వొకటి లేచి నుంచుంది. తీరా చూస్తే పువ్వు కాదు, జంతువు! ట్యూబ్ ఎనిమోన్‌ట. నాబోటి బి.ఏ. వాళ్ళకి సైన్సు అంతంతమాత్రం గనక, జువాలజీ చదివిన చెల్లెలు మౌనవ్రతం మాని చెప్పక తప్పలేదు.

బయట పొడుగాటి టెంటకిల్స్ ఒక వరస, నోటి చుట్టూ పొట్టివి ఇంకో వరస. మామూలు ఎనిమోన్లలా రాతిని పట్టుకుని ఉండదిది. మెత్తటి ఇసుకలోనో బురదలోనో దిగి, తన ఒంట్లో కణాలు వదిలే దారాలతో గొట్టం అల్లుకుని కాపురముంటుంది. అలికిడైతే చటుక్కున లోపలికి! డెండ్రోనోటస్ ఐరిస్ అనే గుల్లలేని నత్త వచ్చి దాని టెంటకిల్స్ కొరుక్కుతిని, గుడ్లు కూడా ఆ గొట్టం మీదే పెట్టి పోతుందట.

"మన చుట్టాల్లాగే" అన్నాను. చెల్లెలు నవ్వాపుకోలేకపోయింది.

"గొట్టం పోతే?"

"మళ్ళీ అల్లుకుంటుందక్కా" అంది ఆశగా.

"దానికి ఇసుక కావాలే! మీ ఇంట్లో అంతా కార్పెట్టేగా!"

అది మళ్ళీ నవ్వుతుందనుకున్నాను. తలొంచుకుంది.

"అమ్మ కోసం కాదక్కా, నా కోసం రమ్మంటున్నా" అంది.

రాత్రి వాదనలో దానికి నేను చెప్పిన జవాబులన్నీ ఒక్కసారిగా ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

ఇంటికొచ్చాక అమ్మతో ఫోన్లో ఈ జంతువు కథంతా చెప్పాను. "పాపం, అంత గొట్టంలోనూ ఒక్కతేనా?" అంది అమ్మ. కొన్ని జాతుల గొట్టాల గోడల్లో ఫోరోనిస్ అనే చిన్న పురుగులు చేరి బతుకుతాయని చెల్లెలి మాటే అప్పజెప్పాను.

అమ్మ కాసేపు ఊరుకుంది.

"మన వెనకవాటా ఖాళీగానే ఉందని దానితో చెప్పు. సంక్రాంతికొచ్చి ఓ నెల ఉండమను."

ఫోను చెల్లెలి చేతికిచ్చి, నేను వంటింట్లోకి తప్పుకున్నాను.