ఎవరి పటం వారిది

హైదరాబాదులో ఈమధ్య చాలా ఇళ్ళ ముందుగదుల్లో చేర్యాల బొమ్మ కనిపిస్తోంది. ఎర్రటి రంగు మీద రోకలితో దంచే ఆడవాళ్ళు, తాడెక్కే గౌడు, ఎడ్లబండి. చూసినవాళ్ళంతా "అచ్చం మన పల్లే" అని మురిసిపోతారు. బొమ్మ బాగుంటుంది, కాదనను. నా పేచీ ఆ "మన" దగ్గరే.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఈ బొమ్మలు గీసే నకాశీవాళ్ళను ఊరి బొమ్మ గీయమని ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడిగింది కులపురాణం. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెప్పాలి, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు పాండవుల కథ చెప్పాలి, చాకలివాళ్ళకు మడేలు పురాణం, గౌళ్ళకు గౌడ పురాణం. ఏ కులానికి ఆ కథకులు, ఏ కథకు ఆ పటం. గొల్లల దగ్గరికి వచ్చే మందహెచ్చులవాళ్ళయితే పటానికి బదులు కొయ్యబొమ్మలు నిలబెట్టి కాటమరాజు కథ చెప్పేవారు.

ఖద్దరు గుడ్డకు గంజి పట్టించి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడితే పటానికి నేల సిద్ధమవుతుంది. వెడల్పు మూడడుగులున్నా పొడవు ముప్పై అడుగులు దాటేది. వరుసలు వరుసలుగా కథంతా దాని మీదే. రాత్రి దీపం పెట్టుకుని, చుట్ట విప్పుకుంటూ, పుల్లతో ఒక్కో బొమ్మను చూపిస్తూ కథకుడు గొంతెత్తితే, వినేవాళ్ళకు తమ కులం ఎక్కడ పుట్టిందో, ఏ దేవుడు తమ చేతిలో ఏ పని పెట్టాడో తెలిసేది. ఫలానా ఊళ్ళలో కథ చెప్పి గింజలు అడిగే హక్కు ఆ కథకుల ఇంటికి తాతల నాటి నుంచీ ఉండేది.

ఈ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒకదానికొకటి పొసగవు. అసలు రుచి అక్కడే ఉంది. ఊరి చివరకు నెట్టిన మాదిగల జాంబ పురాణంలో వాళ్ళ మూలపురుషుడు జాంబవుడు భూమికన్నా ముందు పుట్టినవాడు. ఇక ఊరికి ముందొచ్చింది ఎవరు, వెనకొచ్చింది ఎవరు? చావడి దగ్గర నోరెత్తనివ్వని మాట పటం మీద నిండుగా నిలబడింది. అలాగని మరీ తీయగా చెప్పుకోలేం. ఆ కథ చెప్పే డక్కలివాళ్ళను మాదిగవాడ కూడా ఎడంగానే ఉంచింది.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, గింజలు కొలిచే చేతులు తగ్గాయి. నకాశీ కుటుంబాలు కొన్నే మిగిలాయి. పొడుగు పటం తెగి చదరపు ముక్కయింది, ఆపైన మాస్కులూ తాళంచెవుల గొలుసులూ వచ్చాయి. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పూట గడవాలి కదా, వాళ్ళనేమీ అనను. కానీ ఈ కొత్త బొమ్మలో అన్ని కులాలూ ఒకే చట్రంలో నవ్వుతూ పనిచేసుకుంటాయి. ఎవరి పుట్టుక గొప్పదన్న తగాదా అందులో లేదు. అన్ని గొంతులూ తీసేశాకే అది అందరి ఊరయింది. కొన్నవాడి ఊరు మాత్రం బహుశా ఆ చట్రంలో ఏ మూలా ఉండదు.

ఎవరైనా తమ కులకథను ముప్పై అడుగుల పటంగా మళ్ళీ గీయించుకోవాలనుకుంటే చేర్యాలలో గీసే చేతులున్నాయి. ఖర్చు కూడా సంఘమంతా చందా వేసుకుంటే పెద్ద లెక్కేమీ కాదు. దాన్ని విప్పి రాత్రంతా కథ చెప్పగలవాడిని వెతకడమే కష్టం.