బోనస్ దీపావళికి, పండుగ డిసెంబర్‌కు

డిసెంబర్ మొదటి వారం దాటిందో లేదో గోదావరిఖని వాడల్లో డాబాల మీద స్టార్లు వెలిగాయి. ఈసారి కాగితం స్టార్లు తక్కువ, ప్లాస్టిక్‌వి ఎక్కువ. ఓపెన్‌కాస్ట్ దుమ్ముకు, తెల్లవారుజాము మంచుకు కాగితం స్టార్ వారంలోనే బూడిద రంగుకు తిరుగుతుంది కాబట్టి ప్లాస్టిక్‌దే లాభమని దుకాణపాయన లెక్క చెబుతున్నాడు. పోయినేటి స్టార్‌ను తడిగుడ్డతో తుడిచి, అట్టపెట్టెలో పెట్టి సజ్జ మీదికెక్కించిన మా ఎదురింటి వదినకు ఆ లెక్కతో పనేముంది? బల్బు ఒక్కటి మార్చింది, వేలాడదీసింది.

సింగరేణి ఊళ్లలో వానకు ఉన్నట్టే డబ్బుకూ ఒక కాలం ఉంది. లాభాల వాటా దసరాకు ముందు పడుతుంది, దీపావళికి బోనస్ వస్తుంది. 2025లో వాటా 34 శాతం, మొత్తం 819 కోట్లు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1,95,000 దాటింది. దీపావళికి మరో లక్ష పైచిలుకు. ఆ రెండు నెలలు లక్ష్మీనగర్ బట్టల దుకాణాల్లో నిలబడే జాగ దొరకదు. బతుకమ్మ చీరలు, దసరా మేకలు, పాత అప్పులు, చిట్టీ బాకీలు, పిల్లల హాస్టల్ ఫీజులు అన్నీ ఆ డబ్బులోంచే పోతాయి. అంతా పోయాక తీరిగ్గా వస్తుంది క్రిస్మస్. నవంబర్ జీతం చేతబట్టుకుని పండుగ గట్టెక్కించాలి. అందుకే బొగ్గుబావుల క్రైస్తవ ఇళ్లకు పొదుపు నేర్పింది ప్రసంగాలు కాదు, క్యాలెండరే అని నా నమ్మకం.

ఇది పర్మినెంట్ వాళ్ల కథ. కాంట్రాక్ట్ కార్మికులకు ఆ లాభాల్లోంచి మొదటిసారి 2024లో 5,000 ఇచ్చారు, 2025లో 5,500 అయింది. ఒకరికి లక్షల్లో, ఒకరికి వేలల్లో. ఆదివారం మాత్రం ఇద్దరూ గుడిలో ఒకే జంపఖానా మీద పక్కపక్కన కూర్చుంటారు. ప్రేమ విందుకు ఇంటికింత అని చందా రాస్తే ఎవరి మొహం ఎలా మారుతుందో చూసినవాళ్లకు తెలుసు. మా గుడిలో ఆ పద్ధతి మానేసి కొంతకాలమైంది. ఇప్పుడు అయ్యగారు సామాను చీటీ రాసి తలుపుకు అంటిస్తారు. బియ్యం, నూనె, ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, కొత్తిమీర కట్టలు, విస్తర్లు. ఎవరికి తోచింది వాళ్లు టిక్కు పెట్టుకుంటారు. కోళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి మీదేసుకుంటారు. కొత్తిమీర తెచ్చిన ఇల్లేదో, కోళ్లు తెచ్చిన ఇల్లేదో విస్తరి ముందు కూర్చున్నాక ఎవరికీ గుర్తుండదు.

వంట ఏటా ఒక్కటే. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. ఈసారి యూత్ పిల్లలు ఫ్రైడ్ రైస్ పెడదామన్నారు. "గవన్నీ హోటల్లో తినుండ్రి బిడ్డా, గుడిల మాత్రం బగారనే" అని ఒక పెద్దవ్వ తేల్చేసింది. ఆమె మాటే నెగ్గింది, నెగ్గాల్సిందే కూడా. బగారన్నం మిగిలితే రాత్రికీ పనికొస్తుంది. పచ్చిపులుసు ఖర్చెంత? నానిన చింతపండు, ఉల్లిగడ్డ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, కాసింత నువ్వుల పొడి, పోపు. పులుసును పొయ్యి మీద మరిగించే పనే లేదు. మాంసం కూర ఒక గరిటె తగ్గినా పులుసు పోసుకుని ఇంకో ముద్ద తింటారు, వడ్డించేవాళ్ల పరువు నిలబడుతుంది.

మిగలడం అంటే మా పాస్టరమ్మ గుర్తొస్తుంది. ఐదు రొట్టెలు, రెండు చేపల కథ చెప్పేవాళ్లందరూ అంతమంది తిన్న అద్భుతం దగ్గర గొంతు పెంచుతారు. ఆమె పన్నెండు గంపల దగ్గర ఆగుతుంది. అంత తిండి పుట్టించగలిగినాయన మిగిలిన ముక్కలు ఎత్తిపెట్టమని ఎందుకన్నాడో చెప్పండమ్మా అని స్త్రీల కూడికలో ఒక్కొక్కరినీ అడుగుతుంది. జవాబు సరిగ్గా చెప్పామో లేదో గానీ, విందు రోజు వంటల దగ్గర స్టీలు డబ్బాలు వరుసగా పెట్టుకోవడం మాత్రం నేర్చుకున్నాం. నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రపోతున్నవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు ఆ డబ్బాలు ముందే వెళ్తాయి.

కూర గిన్నెలు కదిలించడం ఎంత కష్టమో షిఫ్టులతో పండుగ నడపడమూ అంతే. ఇక్కడ కారల్స్‌కు పాటలు ఎంచుకోవడం కన్నా ఇళ్లు ఎంచుకోవడం పెద్ద పని. ఈ ఇంట్లో నైట్ డ్యూటీ, ఎనిమిదింటి దాకా పడుకుంటాడు, డోలక్ కొట్టొద్దు. ఆ ఇంట్లో మొదటి షిఫ్టు, తెల్లారేసరికి బావి మీద ఉండాలి, తొమ్మిది లోపే పాడి రావాలి. సెకండ్ షిఫ్టు వాళ్ల ఇళ్లు చివరికి పెట్టుకుంటారు. డ్యూటీ దిగి, స్నానం చేసి, బండి మీద ఇంటికొచ్చేసరికి వాకిట్లో పాట మొదలవుతుంది. ఈ మధ్య పవర్‌హౌస్ కాలనీ వైపు వెళ్లినప్పుడు ఒకాయన టోపీ కూడా తీయకుండా వచ్చి పిల్లలతో కలిసి చప్పట్లు కొట్టాడు. వాళ్లావిడ అందరికీ అల్లం చాయ్, ఉడకబెట్టిన కందికాయలు పెట్టింది. డిసెంబర్‌లో కందికాయ కన్నా చవకైన, కమ్మనైన మర్యాద ఇంకోటి లేదు. బిస్కెట్ ప్యాకెట్లు పంచే ఇళ్లకు ఇదొక సలహా.

సెమీ క్రిస్మస్‌ల సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. నవంబర్‌లోనే మొదలుపెట్టి ఒక్కో సంఘం, ఒక్కో ఆఫీసు, ఒక్కో పార్టీ కేక్ కోసుకుంటూ పోతే అసలు పండుగ నాటికి కేక్ అంటేనే వెగటు పుడుతోంది.

డిసెంబర్ 23 సింగరేణి డే. 1920లో ఆ తారీఖునే కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు పడింది. ఆ రోజు ఆటలు, స్టాళ్లు, ఆడవాళ్లకు వంటల పోటీలు. పండుగకు రెండు రోజుల ముందు రావడం వల్ల ఇంట్లో చేయాల్సిన పిండివంటలు పోటీ పేరుతో ఒక వాయి ముందే అయిపోతాయి, అది కలిసొచ్చే విషయం. పోటీలో నాకు నచ్చనిది ఒక్కటే, రుచి కన్నా అలంకరణకు మార్కులు ఎక్కువ పడటం. క్యారెట్‌తో చెక్కిన హంసను ఎవరు తింటారు? నన్నడిగితే వంద రూపాయల్లో నలుగురికి కూర ఎవరు వండుతారో చూడమంటాను. అప్పుడు తెలుస్తుంది, తోటకూర కాడల పులుసు చేసే కాంట్రాక్ట్ కార్మికుడి భార్య ముందు ఎవరు నిలబడతారో.

ఇక కేక్. బేకరీ ప్లమ్ కేక్ ధర చూసి ఊరుకునే ఇళ్లలో మాదీ ఒకటి. నాగపూర్ సంత్రాలు ఈ నెలలో బల్లార్షా దారిన మన రైతుబజారు దాకా చవగ్గా వస్తాయి. కేక్ వాటితో మొదలుపెట్టాలి. గింజ తీసిన ఖర్జూరాలు, నల్ల కిస్మిస్, టూటీఫ్రూటీ సన్నగా తరిగి, రెండు సంత్రాల రసంలో రాత్రంతా నానబెట్టండి. తొక్కను పైపైన నారింజ రంగు వరకే తురమాలి, లోపలి తెల్లటిది పడితే చేదు. తర్వాత పాకం. అరకప్పు చక్కెర మందపాటి గిన్నెలో నీళ్లు లేకుండా సన్న సెగ మీద కరిగించాలి. బెల్లం రంగు దాటి పాత చింతపండు రంగుకు తిరగ్గానే స్టవ్ కట్టేసి, దూరం నుంచి అరకప్పు వేడినీళ్లు పోయాలి. చల్లనీళ్లు పోస్తే పాకం ఎగిరి చేతుల మీద పడుతుంది. నల్లగా మాడేదాకా చూస్తే కేక్ మొత్తం చేదే. రెండు కప్పుల మైదా, ముప్పావు కప్పు చక్కెర, అరకప్పు నూనె, అరకప్పు పెరుగు, రెండు గుడ్లు, చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా, దాల్చినచెక్క పొడి, ఈ పాకం, నానిన పండ్లు, అంతే.

ఓవెన్ లేదని ఆగిపోవద్దు. పాత కుక్కర్‌లో రెండు వేళ్ల మందం ఇసుక పోసి, మధ్యలో స్టాండ్ పెట్టి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఆ తర్వాత కేక్ గిన్నె దించి సన్న సెగ మీద ముప్పావు గంట వదిలేయాలి. చీపురుపుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. ఇసుక గోదావరిదే. కడిగి ఎండబెట్టి హార్లిక్స్ సీసాలో పోసుకుంటే ఏటా అదే ఇసుక. మా అత్తమ్మ కాలంలో కంపెనీ క్వార్టర్లలో బొగ్గుల పొయ్యిలే ఉండేవి. కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి ఆమె రవ్వ కేక్ చేసేది. ఆ పొగ వాసన నా కుక్కర్ కేక్‌కు రాదు, రాకపోవడమే మంచిదని మా పిల్లల తీర్పు.

పండుగ పళ్లెం వాడంతా తిరుగుతుంది. కేక్ ముక్క, లడ్డూ, గరిజెలు, నాలుగు సకినాలు పెట్టి పక్కిళ్లకు పంపుతాం. మొన్న బతుకమ్మకు పక్కింటి అక్క మలీద ముద్దలు, సత్తుపిండి పెట్టి పంపిన స్టీలు పళ్లెం మా దగ్గరే ఉంది. ఖాళీ పళ్లెం తిరిగి పంపే అలవాటు మా వాడలో లేదు, దాని బాకీ క్రిస్మస్‌కు తీరుతుంది. వెనకింటి ఆపా రంజాన్‌కు షీర్ కుర్మా పంపే గిన్నెదీ ఇదే దారి. ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరికీ కొత్తగా ఖర్చయ్యేదేమీ లేదు, ఇంట్లోకి చేసుకున్న దాంట్లోంచి గుప్పెడు తీయడమే.

గుప్పెడంటే పిడికెడు బియ్యం మాట కూడా చెప్పాలి. పొద్దున ఎసట్లో బియ్యం వేసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసి, నెలకోసారి గుడికి తేవడం మన సంఘాల్లో పెద్దల నాటి అలవాటు. జీతమున్నా లేకున్నా ఇవ్వగలిగిన కానుక అది. చేతిలో ఉన్నదాంట్లోంచే ఇవ్వాలని గట్టిగా చెప్పినవారిలో డోర్నకల్ బిషప్ వి.ఎస్.అజరయ్య ముందుంటారు, ఇవ్వడం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. డోర్నకల్ మనకు పరాయి ఊరేం కాదు. 1889లో ఇల్లెందులో సింగరేణి బొగ్గు తీయడం మొదలైతే, ఆ బొగ్గు పట్టాలు వచ్చి పెద్ద లైన్లో కలిసింది డోర్నకల్ దగ్గరే. తిరునల్వేలి సీమ నుంచి 1909లో అక్కడికొచ్చిన అజరయ్య 1912 డిసెంబర్ 29న బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1939 జనవరి 6న అక్కడ ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్ చూస్తే గుమ్మటాలు మసీదును, స్తంభాలు హిందూ ఆలయాన్ని తలపిస్తాయి. మన కరీంనగర్ సీఎస్ఐ అధ్యక్ష మండలం 1978లో విడిపడింది కూడా డోర్నకల్ నుంచే. కాబట్టి బొగ్గు, బియ్యపు డబ్బా రెండూ మనకు ఆ దిక్కు నుంచే వచ్చాయనుకోవచ్చు.

పిడికెడు బియ్యానికి ఒక మార్పు వచ్చింది. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఇంతకుముందు తినేది ఒక బియ్యం, గుడి డబ్బాలో పోసేది ఒక బియ్యం అన్నట్టు కొందరు నడిపేవారు, ఎవరో మనమే చెప్పుకోనక్కర్లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో తినేదీ ఇచ్చేదీ ఒకటే బియ్యమైంది. సర్కారు పుణ్యమా అని మనకు కొంత నిజాయితీ కలిసొచ్చింది.

పండుగ సందట్లో తొక్కు మరిచిపోవద్దు. చింతకాయ ఇప్పుడే పచ్చిగా, కండతో ఉంది. కాయలు కడిగి తడి ఆరబెట్టి, ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తాలి. మూడో రోజు గింజలు, ఈనెలు ఏరి మళ్లీ దంచితే ఏడాదికి సరిపడా నిలవ. ఆరబెట్టడమే మన ఊళ్లో అసలు తిప్పలు. డాబా మీద పాత ధోతి గుడ్డ కప్పి నలువైపులా ఇటుకలు పెట్టాలి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ మోగి కిటికీలు గలగలమన్నాక ఒకసారి పైకెళ్లి చూడండి. తెల్లగుడ్డ మీద వేలితో గీస్తే గీత కనిపిస్తుంది. ఆ దుమ్ము కాయ మీద పడితే ఎంత కడిగినా తొక్కు పళ్ల కింద గరగరలాడుతుంది. సాయంత్రం దాకా ఆగకుండా మూడింటికల్లా లోపలికి తెచ్చేయడం మేలు.

ముప్పై ఒకటి రాత్రి వాచ్ నైట్ సర్వీస్ మామూలే. వాగ్దాన కార్డు తీసుకుని, చలికి వణుక్కుంటూ ఉప్మా తిని ఇంటికి చేరతాం. సంక్రాంతి సకినాలకు కొత్త బియ్యం నానబెట్టే రోజు వాడంతా మాట్లాడుకుని చెబుతాను. చుట్టడం వచ్చినవాళ్లు తక్కువైపోయారు, చేతులు కావాలి.

చివరిగా ఒక మనవి. జనవరి 4, మొదటి ఆదివారం, గుడిలో బియ్యపు డబ్బాలు తెరుస్తున్నాం. ఈసారి ఆ బియ్యం డ్యూటీలు సరిగా దొరకని కాంట్రాక్ట్ కార్మికుల ఇళ్లకు వెళ్తుంది. పురుగు లేకుండా జల్లించి, నాలుగు ఎండు వేపాకులు వేసి తెండి. డబ్బా మూత మీద పేరు రాయొద్దు.